పనిలో పనిగా మనుషులు: నడక, అల్లిక, మొక్కలతో ఎలా మొదలుపెట్టాలి

ఇంటి నుంచే పని చేయడం మొదలుపెట్టిన కొత్తలో ఒకరోజు ఫోన్ ఎత్తి హలో అనబోతే గొంతు బొంగురుపోయి మాట సరిగ్గా రాలేదు. జలుబు లేదు, జ్వరం లేదు. లెక్క చూసుకుంటే అప్పటికి మూడు రోజులుగా ఎవరితోనూ నోరు తెరిచి మాట్లాడలేదు. మెసేజ్‌లు మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా వస్తూనే ఉన్నాయి, నేనూ జవాబులు ఇస్తూనే ఉన్నాను, అందుకే ఒంటరిగా ఉన్నానన్న సంగతే నాకు తెలియలేదు. ఆ తర్వాత నేను చేసినవి, మధ్యలో మానేసినవి, మళ్లీ పట్టుకున్నవి అన్నీ ఒక వరుసలో పెట్టి మీకోసం రాస్తున్నాను.

నాకు అర్థమైంది ఒకటే. స్నేహితులు కావాలి అనుకుని వెతుక్కుంటూ వెళ్తే మనకీ ఇబ్బందిగా ఉంటుంది, అవతలివాళ్లకీ ఇబ్బందిగా ఉంటుంది. అదే చేతికో కాలికో ఒక పని పెట్టుకుని, దాన్ని ప్రతి వారం ఒకే చోట ఒకే వేళకు చేస్తూ ఉంటే, పనిలో పనిగా మనుషులు దొరుకుతారు. ఆస్ట్రేలియాలో 1990లలో మెన్స్ షెడ్ అనే పద్ధతి మొదలైంది, మగవాళ్లు ఒక షెడ్డులో చేరి చెక్కపని, రిపేర్లు చేసుకునే చోటు అది. మగవాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోరు, భుజం భుజం ఆనించి పనిచేస్తున్నప్పుడు మాట్లాడుకుంటారు అని వాళ్లు చెప్పుకుంటారు. ఆడవాళ్లకైనా, పిల్లలకైనా ఇది అంతే నిజమని నా అనుభవం. కళ్లు పనిమీద ఉన్నప్పుడు నోట్లోంచి మాట తేలిగ్గా వస్తుంది.

1. మనసు కుంగే వేళ ఏదో ముందు పట్టుకోండి

ఒక కాగితం తీసుకుని ఏడు రోజులపాటు రోజుకు మూడుసార్లు రాయండి: టైమెంత, ఎక్కడున్నారు, ఎలా ఉంది. అంతే. దీనికి యాప్ అక్కర్లేదు, మార్కులు వేసుకోనక్కర్లేదు. వారం గడిచాక ఆ కాగితం చూస్తే ఏ వేళకు మీరు డల్ అయిపోతున్నారో కనిపిస్తుంది. నాది సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర. లాప్‌టాప్ మూసేశాక ఏం చేయాలో తోచక మంచంమీద పడి ఫోన్ తిప్పుతూ ఉండే గంటన్నర. కొందరికి అది ఆదివారం మధ్యాహ్నం, కొందరికి పిల్లలు స్కూలుకి వెళ్లిపోయాక ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయే వేళ.

మీరు పెట్టుకోబోయే పని ఆ వేళకే పెట్టుకోండి. ఇది చాలామంది తప్పు చేసే చోటు. తెల్లవారుజామున ఐదింటికి లేచి నడవాలని తీర్మానం చేసుకుంటారు, నాలుగు రోజులు లేస్తారు, ఐదో రోజు లేవలేక తమను తామే తిట్టుకుంటారు. కుంగేది సాయంత్రమైతే మందు కూడా సాయంత్రమే పడాలి కదా.

ఇంకో మాట, మూడు పనులూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒళ్లు బరువుగా ఉండి నిద్ర సరిగ్గా పట్టకపోతే నడకతో మొదలుపెట్టండి. ఒకే ఆలోచన బుర్రలో గిరగిరా తిరుగుతుంటే అల్లిక మేలు. గడప దాటే ఓపిక కూడా లేని రోజుల్లో ఉంటే ఒక్క కుండీ చాలు. ఏదీ తేల్చుకోలేకపోతే నడకే పట్టుకోండి, దానికి కొనాల్సింది ఏమీ లేదు.

2. పది నిమిషాల నడకతో మొదలు

మొదటి వారం రోజుకు పది నిమిషాలు. ఇంటి నుంచి ఐదు నిమిషాలు ఒకవైపు వెళ్లి వెనక్కి రండి. ఇంకా నడవగలను అనిపించినా సరే, మొదటి వారం ఆపేయండి. ఇంకాస్త నడవాలని ఉన్నప్పుడు ఆపితే మర్నాడు చెప్పులు వేసుకోవడం సులువవుతుంది, అలసిపోయేదాకా నడిస్తే మర్నాడు కాళ్ల నొప్పులు సాకు అవుతాయి. రెండో వారం నుంచి వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ వెళ్తే ఐదో వారానికి అరగంట అవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే 150 అయిపోతాయి. అదే సూచనల్లో, కొంచెం కదిలినా అసలు కదలకపోవడంకన్నా మేలేనని కూడా ఉంది, కాబట్టి పది నిమిషాల దగ్గరే ఆగిపోయినవాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు.

ఓ మోస్తరు శ్రమ అంటే ఎంత అని అడుగుతారు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట హాయిగా పాడగలుగుతుంటే కాస్త వేగం పెంచండి, నాలుగు మాటలు మాట్లాడేసరికి ఊపిరి ఆడకపోతే తగ్గించండి. ఈ పరీక్షలో నాకు నచ్చిన విషయం ఏంటంటే, పక్కన మనిషి ఉంటే కొలత దానంతటదే దొరుకుతుంది. కబుర్లు సాగుతున్నాయంటే వేగం సరిపోయినట్టే.

వారంలో రెండు రోజులు కండరాల బలానికి కూడా ఏదైనా చేయాలని అదే సూచనల్లో ఉంది. జిమ్ లేకుండా ఇలా చేయండి. గోడకు ఆనించిన, చక్రాలు లేని కుర్చీ తీసుకుని, చేతులు పట్టకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు అరచేతులు ఆనించి మోచేతులు వంచుతూ పదిసార్లు ముందుకు ఒరిగి వెనక్కి రండి. కుర్చీ వీపు పట్టుకుని మునివేళ్లమీద పదిసార్లు పైకి లేవండి. కాస్త ఆగి ఇదంతా ఇంకోసారి. 65 దాటినవాళ్లు బ్యాలెన్స్ కోసం కూడా వారానికి మూడు రోజులు కేటాయించుకోవాలి. గోడ పక్కనే నిలబడి ఒంటికాలిమీద పది లెక్కపెట్టడం దానికి మంచి మొదలు.

నడుస్తుంటే ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలుగా లేని ఆయాసం వస్తే అక్కడితో ఆపి డాక్టర్ని కలవండి. గుండె జబ్బో, కీళ్ల సమస్యో ముందునుంచే ఉంటే మొదలుపెట్టేముందే కలవండి.

3. ఒక్కరిని పిలవండి, ఒక్కరినే

మూడు వారాలు ఒంటరిగా నడిచాక ఈ మెట్టు ఎక్కండి. ముందే ఎందుకు వద్దంటానంటే, మీ నడక ఇంకా నిలబడకముందే అవతలివాళ్లు రానన్నారంటే నడకా పోతుంది. అప్పటికే నడుస్తున్నవాళ్లకు ఆ భయం లేదు, వాళ్లొచ్చినా రాకపోయినా మీరు వెళ్తారు.

ఎలా అడగాలన్నదే అసలు కష్టం. "ఎప్పుడైనా కలిసి నడుద్దామా?" అంటే "తప్పకుండా" అంటారు, ఆ ఎప్పుడైనా ఎప్పటికీ రాదు. ఇలా అడిగి చూడండి: "నేను మంగళ, గురువారాలు సాయంత్రం ఆరింటికి గేటు దగ్గర నుంచి నడక మొదలుపెడతాను. అరగంట. ఈ గురువారం మీరూ వస్తారా? కుదరకపోయినా ఏం పర్లేదు, నేనైతే ఉంటాను." రోజు, వేళ, చోటు, ఎంతసేపు, నాలుగూ ఉన్నాయి. రానని చెప్పడానికి దారీ ఉంది. ఆ చివరి వాక్యం ముఖ్యం, దానివల్ల అవతలివాళ్లమీద భారం పడదు.

ఎవరిని అడగాలి? దగ్గరి స్నేహితుల్ని కాకుండా, రోజూ కనిపిస్తున్నా పేరు తెలియనివాళ్లలో ఒకరిని. లిఫ్టులో తలాడించే మనిషి, అదే దారిలో కుక్కను తిప్పే మనిషి. దగ్గర ఉండటం అన్నది దగ్గరితనంకన్నా ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. ఊరికి ఆ చివర ఉన్న ప్రాణస్నేహితురాలితో వారానికి రెండుసార్లు నడవలేరు, పక్కింటావిడతో నడవగలరు.

కలిసి చేస్తే ఒంటికి కూడా తేడా ఉంటుందని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పడవలు నడిపే క్రీడాకారులమీద చేసిన ఒక చిన్న ప్రయోగంలో కనిపించింది. అంతే శ్రమ ఒంటరిగా చేసిన రోజుకన్నా, జట్టుగా ఒకే లయలో చేసిన రోజున వాళ్లు ఎక్కువ నొప్పిని తట్టుకోగలిగారు. పన్నెండు మందితో చేసిన ప్రయోగం కాబట్టి దాన్ని పట్టుకుని పెద్ద మాటలు చెప్పను. కానీ పక్కన మనిషి ఉన్నప్పుడు అరగంట ఎలా గడిచిందో తెలియకపోవడం మీకు మొదటి రోజే తెలుస్తుంది.

ముగ్గురో నలుగురో అయ్యారంటే చాలు, పెద్ద గుంపు గురించి తొందరపడకండి. ఇప్పుడు ఎన్నో దేశాల్లో శనివారం ఉదయం ఉచితంగా జరిగే పార్క్‌రన్ అనే ఐదు కిలోమీటర్ల పరుగు, 2004 అక్టోబరులో లండన్‌లోని ఒక పార్కులో 13 మంది పరుగెత్తేవాళ్లతో మొదలైంది. అందులో నడిచి వెళ్లినా ఎవరూ ఏమీ అనరు. అలాంటిది మీ దగ్గర జరుగుతుంటే ముందు వాలంటీరుగా వెళ్లి చూడండి. పరుగెత్తేవాళ్లకు చప్పట్లు కొడుతూ నిలబడే పనిలో కొత్తవాళ్లకు కూడా నలుగురు తెలిసిపోతారు.

4. చేతికి ఒక దారపు ఉండ

అల్లిక ఎందుకు, కుట్లు ఎందుకు కాదు, బొమ్మలు వేయడం ఎందుకు కాదు అంటే, ఏదైనా ఫర్వాలేదు. అల్లికల్లో క్రోషే అనే రకం నేను చెప్తున్నది రెండు కారణాలతో. ఒకే కొక్కెం సూదితో పని అయిపోతుంది. తప్పు చేస్తే దారం లాగేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు, ఏదీ వృథా కాదు. కాగితంమీద పడ్డ రంగు అలా వెనక్కి రాదు.

కావాల్సినవి: లేత రంగు మందపాటి దారం, 5 మిల్లీమీటర్ల సూది. నల్లదారం, ముదురు నీలం తీసుకోకండి, కుట్లు కనిపించక విసుగొస్తుంది. నూగు ఎక్కువగా ఉన్న మెత్తటి ఉన్ని చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ మొదటిసారికి అదీ వద్దు.

ముందు దారానికి జారుముడి వేసి సూదికి ఎక్కించండి. దారాన్ని సూదిమీదుగా చుట్టి ఆ ముడిలోంచి లాగితే ఒక గొలుసు లింకు వస్తుంది. అలా 16 లింకులు వేయండి. అవి ఒక్కోటి ఒక్కో సైజులో వస్తాయి, వచ్చినా కానివ్వండి. ఇప్పుడు సూదిలో ఉన్న లూపును లెక్కలోకి తీసుకోకుండా, సూది నుంచి రెండో లింకులోకి సూది దూర్చి, దారం చుట్టి బయటికి లాగండి. సూదిమీద రెండు లూపులు ఉంటాయి. మళ్లీ దారం చుట్టి రెండింట్లోంచీ లాగేయండి. ఒక కుట్టు అయింది. చివరిదాకా వెళ్తే 15 కుట్లు. ఒక లింకు వేసి, పనిని తిప్పి పట్టుకుని, మళ్లీ 15.

దీన్ని అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అంటారు, ఇదే కుట్టును బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషే అంటారు. వీడియోలు చూసి నేర్చుకునేటప్పుడు ఈ తేడా తెలియక చాలామంది తమకు రావడం లేదనుకుంటారు.

ప్రతి వరుస చివర 15 లెక్కపెట్టుకోండి. నా మొదటి గుడ్డ వరుస వరుసకూ సన్నబడుతూ పోయి చివరికి త్రికోణంలా అయింది, ఎందుకా అని చూస్తే ప్రతిసారీ చివరి కుట్టు వదిలేస్తున్నాను. చివరి కుట్టు కాస్త పక్కకు ఒరిగి, లేనట్టు కనిపిస్తుంది, దాన్ని వేలితో తడిమి పట్టుకోవాలి. అది ఊడదీసి రెండోసారి అల్లుతున్నప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. లెక్క తప్పకుండా 15 దాకా వెళ్లాలంటే ఆఫీసు గొడవ గురించి ఆలోచించడం కుదరదు. పదమూడు, పద్నాలుగు, పదిహేను, తిప్పు. మళ్లీ ఒకటి. ధ్యానం చేయమని ఎందరు చెప్పినా కళ్లు మూసుకుంటే నాకు టెన్షన్ పెరిగేది, ఈ లెక్కలో మాత్రం ఊపిరి నెమ్మదించేది.

అరగంటకోసారి సూది పక్కన పెట్టి వేళ్లు బాగా చాపి, మణికట్లు తిప్పండి. సూదిని గట్టిగా బిగించి పట్టుకుంటే బొటనవేలు మొదట్లో నొప్పి వస్తుంది, కొత్తవాళ్లందరూ బిగించే పట్టుకుంటారు. తిమ్మిర్లు వస్తే ఆ రోజుకు ఆపేయండి.

గుడ్డ చతురస్రం అయ్యాక దారం కత్తిరించి కొసను కుట్లలోకి దూర్చేయండి. అది కప్పు కింద పెట్టుకోవడానికి పనికొస్తుంది. కానీ అలాంటివి పదిమంది తలా నాలుగు అల్లితే ఒక దుప్పటి అవుతుందన్న సంగతి గుర్తుపెట్టుకోండి, అది తర్వాతి మెట్టులో కావాలి.

5. కలిసి కూర్చునే వేళ పెట్టండి

ఎవరో పెట్టిన గుంపు దొరికితే అందులో చేరడం సులువే. లైబ్రరీల్లో, కమ్యూనిటీ హాళ్లలో అల్లికలవాళ్లు కలిసి కూర్చునే చోట్లు చాలా ఊళ్లలో ఉంటాయి. పాడైన వస్తువుల్ని కలిసి బాగుచేసుకునే రిపేర్ కేఫే అనే పద్ధతి 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలై చాలా దేశాలకు పాకింది, చినిగిన బట్టనో ఆగిపోయిన ఫ్యాన్‌నో పట్టుకుని వెళ్తే మాట కలపడానికి వేరే కారణం వెతుక్కోనక్కర్లేదు. ఏదీ లేకపోతే మీరే పెట్టండి, ఇలా.

ఇద్దరు చాలు. మూడోవాళ్లు వస్తే సంతోషం. చోటు ఎవరి ఇల్లూ కాకపోతే మంచిది, అపార్ట్‌మెంట్ హాలో, లైబ్రరీ మూలో, పార్కులో బెంచీయో. ఇంట్లో పెడితే ఆ ఇంటివాళ్లకు సర్దడం, మర్యాదలు చేయడం తప్పవు, నాలుగో వారానికి వాళ్లు అలసిపోతారు. గంటన్నర పెట్టండి, మొదలయ్యే టైముతోపాటు ముగిసే టైమూ చెప్పండి. ఎప్పుడు లేవొచ్చో తెలిస్తే బిడియస్తులు ధైర్యంగా వస్తారు. వారం వారం ఒకే రోజు. ఎవరికి ఏ రోజు కుదురుతుందో ఓట్లు పెట్టడం మొదలుపెట్టారంటే ఆ గుంపు సగం చెదిరినట్టే, కాబట్టి రోజు మార్చకండి, కుదిరినవాళ్లు వస్తారు.

మొదటి నెల అందరూ కలిసి ఒకే వస్తువు చేస్తే బాగుంటుంది, ఆ దుప్పటి సంగతి ఇందుకే చెప్పాను. తలా నాలుగు ముక్కలు, చివర్లో కలిపి కుట్టి ఎవరికి ఇవ్వాలో అందరూ కలిసి తేల్చుకుంటారు. వంకరగా వచ్చిన ముక్క కూడా దుప్పటిలో ఇమిడిపోతుంది.

కొన్ని నియమాలు మొదటిరోజే చెప్పేయండి, తర్వాత చెప్తే ఒకరిని ఉద్దేశించి అన్నట్టు ఉంటుంది. ఇక్కడ ఎవరూ ఏమీ అమ్మకూడదు. ఎవరి పనికీ అడగకుండా వంకలు పెట్టకూడదు. ఇక్కడ విన్న ఇంటి సంగతులు బయట చెప్పకూడదు. మాట్లాడాలని లేనివాళ్లు మాట్లాడకుండా కూర్చోవచ్చు. ఈ చివరిది నాకు చాలా ఇష్టం. నేను వెళ్లే గుంపులో ఒకావిడ మొదటి ఐదు వారాలు తన పేరు తప్ప ఇంకేమీ చెప్పలేదు, వచ్చి, అల్లుకుని, వెళ్లిపోయేది. ఎవరూ కదిలించలేదు. ఆరో వారం తల ఎత్తకుండానే, సూది ఆపకుండానే, వాళ్లమ్మ పోయి మూడు నెలలైందని చెప్పింది. పక్కనున్నావిడ కూడా తల ఎత్తలేదు, తన ఉండలోంచి కాస్త దారం విప్పి ఆవిడ వైపు జరిపింది. ఎదురుగా కుర్చీ వేసుకుని "ఎలా ఉన్నారు?" అని అడిగుంటే ఆ మాట వచ్చేది కాదు.

ఎంతకాలం పడుతుంది? అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ముఖపరిచయం కాస్త స్నేహంగా మారడానికి 50 గంటలు, స్నేహితులం అనుకోవడానికి 90 గంటలు, ప్రాణస్నేహానికి 200 గంటల పైమాటే కలిసి గడపాల్సి వస్తుందని అంచనా వేశారు. వారానికి గంటన్నర అల్లిక, గంట నడక అనుకుంటే 50 గంటలకు 20 వారాలు. అంటే ఐదు నెలలు. రెండో వారానికే "ఇక్కడ ఎవరూ నావాళ్లు కాలేదు" అని మానేసేవాళ్లకు ఈ లెక్క చెప్పాలనిపిస్తుంది. మీలో లోపం ఏమీ లేదు, ఇంకా గంటలు కాలేదు, అంతే.

6. ఒక కుండీ, మూడు గింజలు

పెరడు లేదని ఆగిపోకండి. ఎండ పడే కిటికీగానీ బాల్కనీగానీ ఉంటే సరిపోతుంది. ముందు ఒక రోజు ఇంట్లో ఉన్నప్పుడు ఎండ ఎక్కడ ఎంతసేపు పడుతుందో గంట గంటకూ చూడండి. ఆరు గంటలు పడితే చిక్కుడు జాతి, టమాటా లాంటివి వస్తాయి. మూడు నాలుగు గంటలే అయితే పుదీనా లాంటి ఆకుమొక్కలు పెట్టుకోండి.

మొదటిసారికి పొట్టి రకం బీన్స్ గింజలు వేయమంటాను. గింజ పెద్దది, చేతికి అందుతుంది, త్వరగా మొలుస్తుంది. కనీసం పది అంగుళాల లోతు కుండీ, అడుగున రంధ్రం తప్పనిసరి. రంధ్రం లేని అందమైన కుండీలో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లిపోతాయి. మట్టిమిశ్రమం సంచీ విప్పేటప్పుడు ముఖం దూరంగా పెట్టి, దుమ్ము లేవకుండా కాస్త నీళ్లు చల్లండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. ఆ దుమ్ములో ఊపిరితిత్తులకు హాని చేసే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది.

మిశ్రమాన్ని తడిపి, అంగుళం లోతున మూడు గింజలు ఎడంగా వేయండి. ఎందుకు మూడంటే ఒకటి మొలవకపోవచ్చు. వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో మొలకలు వస్తాయి. ఈలోపు తవ్వి చూడకండి, చూడాలనిపిస్తుంది, నాకు తెలుసు. మొదట మట్టిమీద సన్నటి పగులు కనిపిస్తుంది. మర్నాడు ఆ పగులులోంచి వంగిన మెడలా తెల్లటి కాడ పైకొస్తుంది, తల ఇంకా మట్టిలోనే ఉంటుంది. బరువైన మూట ఎత్తుకుని లేస్తున్న మనిషిలా, ముందు నడుము లేపి తర్వాత తల లేపుతుంది. గింజ రెండు బద్దలై వాటి మధ్య నుంచి ముడుచుకున్న ఆకులు విచ్చుకుంటాయి. ఆ రెండు రోజులు పొద్దున్నే ఫోన్‌కన్నా ముందు కుండీ దగ్గరకు వెళ్లాను.

కుండీమొక్కలు ఎండిపోవడంకన్నా నీళ్లు ఎక్కువై చనిపోవడమే నేను ఎక్కువ చూశాను. రోజూ పోయాలని నియమం పెట్టుకోకుండా, చూపుడువేలు మొదటి కణుపుదాకా మట్టిలో పెట్టి చూడండి. తడి తగిలితే పోయొద్దు, పొడిగా ఉంటే కింది రంధ్రంలోంచి చుక్కలు పడేదాకా పోయండి. ఆకుల వెనకవైపు వారానికోసారి తిప్పి చూస్తే పేనుబంక పట్టగానే తెలిసిపోతుంది, కొద్దిగా ఉన్నప్పుడు నీళ్లు జిమ్మితే పోతుంది. బాగా పెరుగుతున్న రెండింటిని ఉంచండి. అన్నీ కుదిరితే రెండు నెలల్లోపే కాయలు కోయవచ్చు.

గది దాటలేని స్థితిలో ఉన్నవాళ్లకు పచ్చదనం కిటికీలోంచి కనిపించినా మేలే. 1984లో రోజర్ ఉల్‌రిచ్ ప్రచురించిన అధ్యయనంలో, పిత్తాశయం ఆపరేషన్ తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు, ఇటుక గోడ కనిపించినవాళ్లకన్నా కాస్త ముందుగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులూ తక్కువ వాడారు. మంచానికే పరిమితమైనవాళ్లు ఇంట్లో ఉంటే కుండీని వాళ్ల కంటికి ఆనేలా పెట్టండి.

ఇక మనుషుల సంగతి. పుదీనా కొమ్మలు రెండు, నాలుగేసి అంగుళాల పొడవున, కణుపు కింద కత్తిరించి, కింది ఆకులు తీసేసి గ్లాసు నీళ్లలో పెట్టండి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చితే రెండు వారాల్లోపు తెల్లటి వేర్లు వస్తాయి. ఒకటి మీ కుండీలో నాటుకోండి, వేరే మొక్కలతో కలపకండి, అది కుండీ అంతా ఆక్రమిస్తుంది. రెండోది ఎవరికైనా ఇవ్వండి. ఇచ్చిన మొక్క ఎలా ఉందో అడగడం ఎవరికీ తప్పుగా అనిపించదు, అడిగిన ప్రతిసారీ రెండు నిమిషాల మాట. నాలుగు రోజులు ఊరెళ్లాల్సి వచ్చినప్పుడు నీళ్లు పోయమని కుండీ అప్పగించండి, వాళ్లు వెళ్లినప్పుడు మీరు పోయండి. సాయం చేయడం మనకు వచ్చు, అడగడమే రాదు. మొక్క కోసం అయితే నోరు పెగులుతుంది.

అందరూ కలిసి పండించే తోట మీ దగ్గర ఉంటే చేరేముందు మూడు విషయాలు కనుక్కోండి: నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, అందరూ కలిసి పనిచేసే రోజు ఏది, పండింది ఎలా పంచుకుంటారు. ఆ మూడో ప్రశ్నకు స్పష్టమైన జవాబు లేని చోట గొడవలు వస్తాయి.

7. ఆగిపోయినప్పుడు

ఆగిపోతారు. జ్వరం వస్తుంది, పరీక్షలు వస్తాయి, వానలు పడతాయి, ఏ కారణమూ లేకుండా కూడా రెండు వారాలు పోతాయి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించినప్పుడు ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, కానీ మనిషి మనిషికీ అది 18 రోజుల నుంచి 254 రోజుల వరకు ఉండొచ్చని తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం జరగలేదు. కాబట్టి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పోయిన రోజులకు పరిహారంగా గంట నడవకండి, పది నిమిషాల దగ్గరకే వెళ్లండి. ఎండిపోయిన మొక్క తీసేసి అదే మట్టిని గుల్లచేసి, కాస్త కంపోస్టు కలిపి కొత్త గింజ వేయండి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పక చెప్పాలి. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండి, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాకపోతే, నిద్ర, ఆకలి మారిపోతే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. బతకాలని లేదనిపిస్తే రెండు వారాలు ఆగకండి, అప్పుడే ఎవరికైనా చెప్పండి, అప్పుడే సాయం తీసుకోండి. నడకా, అల్లికా, మొక్కలూ వైద్యానికి తోడుగా ఉంటాయి, వైద్యం బదులు కాదు.

గుంపులో ఎవరైనా వరసగా రెండు వారాలు రాకపోతే మీరే కబురు పెట్టండి. "ఎందుకు రాలేదు?" అని అడగకండి, అది హాజరు పట్టీలా ఉంటుంది. నేను పంపే మెసేజ్ ఇదే, మీరూ వాడుకోండి: "మీ కుర్చీ అలాగే ఉంది. మీ పచ్చదారం ముక్క ఒక్కటే ఇంకా మిగిలింది. బుధవారం ఎప్పటిలాగే ఐదింటికి. రాలేకపోతే చెప్పండి, దారం, సూది తీసుకుని నేనే వస్తాను."

జవాబు వెంటనే రాకపోవచ్చు. బుధవారం ఐదింటికి మాత్రం ఆ కుర్చీ వేసి ఉంచండి.